తొండ ముదిరితే



మన ఇళ్లలో ఒక సామెత ఉంది. మీరు ఎవరినో ఒకరిని అని ఉంటారు. మిమ్మల్నీ ఎవరో అని ఉంటారు, మీ వెనకాల. 'తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుంది' అని. నిన్నటిదాకా మామూలుగా ఉన్నవాడు, నాలుగు డబ్బులో చిన్న పదవో చేతికి రాగానే వేషాలు మొదలుపెట్టాడనుకోండి, వాడికి ఈ సామెత తగిలిస్తాం. పార్టీ మారినవాడయితే ముదిరేదాకా కూడా ఆగం, సరాసరి ఊసరవెల్లి అనేస్తాం. ఎన్నికల రోజుల్లో ఈ ప్రాణుల్ని తలుచుకున్నంతగా మన ఇలవేల్పుల్ని కూడా తలుచుకోం.

ఇవాళ నేను తొండ తరఫున వకాల్తా పుచ్చుకుని వచ్చాను. లోకంలోని తొండలన్నిటి తరఫునా కాదు. ఒకే ఒక్క తొండ తరఫున. దాని పేరు రాతి తొండ.

మీలో చాలామంది దాన్ని చూసే ఉంటారు. ఊరి పక్క గుట్టెక్కుతున్నప్పుడో, కొండ మీది గుడికి మెట్లెక్కుతూ ఆయాసం తీర్చుకోవడానికి ఆగినప్పుడో, ఎదురుగా గుండు మీద కూర్చుని ఉంటుంది. వీపంతా ఎర్రగా, పక్కలు రెండూ నల్లగా. ఎవరో కుంకుమా కాటుకా పూసి బండ మీద పెట్టి పోయినట్టు. తోకతో కలిపి కొలిస్తే జానెడున్నర పొడవు. అందులో సగానికి పైగా తోకే. మీరు 'అదిగో' అనేలోపల ఇంకేముంది, రాతి పగుల్లోకి దూరిపోయి ఉంటుంది.

ముందు ఒక చిక్కు విప్పాలి. మనం అన్నిటినీ కలిపి తొండలనేస్తాం. ఇంట్లో గోడ మీద పాకేది బల్లి. అది మీకు తెలుసు. కంచె మీద, మునగచెట్టు మీద కూర్చుని, ఒక్కోసారి గొంతు ఎర్రగా చేసుకుని మనవైపు చూసేది తోట తొండ. దాని వీపు మీద రంపపు పళ్లలా పొలుసుల వరుస నిలబడి ఉంటుంది. ఇక అసలు ఊసరవెల్లి వేరు. అది చెట్టు మీద ఉంటుంది, అడుగు తీసి అడుగు వేయడానికి ముహూర్తం చూసుకుంటున్నట్టు నడుస్తుంది, రెండు కళ్లూ రెండు దిక్కులకు తిప్పుతుంది, తన ఒంటి పొడవున నాలుక విసిరి పురుగును పట్టుకుంటుంది. ఈ మూడూ కానిది మన రాతి తొండ. చెట్టు అక్కర్లేదు, గోడ అక్కర్లేదు. రాయి కావాలి. రాతిలో పగులు కావాలి.

ఈ మాట గుర్తుపెట్టుకోండి. రాయి, రాతిలో పగులు. మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

దీనికి శాస్త్రంలో పెట్టిన పేరు చెబితే మీకు నవ్వొస్తుంది. 1831లో జాన్ ఎడ్వర్డ్ గ్రే అనే ఇంగ్లీషు పండితుడు దీన్ని లోకానికి పరిచయం చేశాడు. ఆ తర్వాత ఇంకో పండితుడు దీని వంశానికి శామ్మోఫిలస్ అని నామకరణం చేశాడు. గ్రీకు మాట. అర్థం ఏమిటంటే, ఇసుకంటే ఇష్టపడేది! బతుకంతా బండ మీద గడిపే ప్రాణికి ఇసుక ప్రియుడని పేరు. మన ఊళ్లలో అప్పులపాలైనవాడికి కోటేశ్వరరావని పేరున్నట్టు. శాస్త్రంలో ఒకసారి పడ్డ పేరు అంత సులువుగా పోదు. ఇప్పటికీ అదే నడుస్తోంది.

ఈ వంశంలో జాతులు రెండే. ఒకటి నేను చెబుతున్నది, దక్షిణ భారతంలోని రాతి గుట్టల మీద ఉండేది. రెండోది బ్లాన్‌ఫర్డ్ అనే ఆయన పేరు పెట్టుకున్నది, తూర్పు కనుమల మీద, ఇంకా పైకి మధ్య భారతం దాకా ఉంటుంది. రెండూ మన దేశంలోనివే. అన్నదమ్ముల్లా ఒకే పోలిక. ఇవాళ మొదటిదాని కథే చెప్పుకుందాం.

నేను పుట్టింది మదనపల్లె వైపు పల్లెలో. ఇంటి వాకిట్లో నిలబడి ఎటు చూసినా గుట్టలే. గుండు మీద గుండు పేర్చినట్టు, ఎవరో బొంగరాలాడి వదిలేసి పోయినట్టు. మా పిల్లకాయలకు సెలవుల్లో పని ఏమిటంటే, ఆ గుట్ట మీద తొండలకు రాళ్లు వేయడం. తొండ తల కిందికీ మీదికీ ఆడిస్తుంది చూడండి, అది మమ్మల్ని వెక్కిరిస్తోందని మా కోపం. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. కానీ చేసిన మాట నిజం.

మాకు ఒక మామ ఉండేవాడు. మామ అంటే చుట్టరికం కాదు, ఊరి వరస. జీవాలు కాసేవాడు. ఒకరోజు నా చేతిలో రాయి చూసి, 'ఏమ్రా అబ్బోడా, అది నిన్నెందుకు ఎక్కిరిస్తాది? దాని కంటికి నువ్వు ఆనతావా? ఆ పక్క గుండు మీద చూడు, ఇంకోటుండాది' అన్నాడు. చూశాను. నిజమే. పది బారల దూరంలో ఇంకో గుండు, దాని మీద ఇంకో మగ తొండ. అదీ తల ఆడిస్తోంది. ఇవి రెండూ మాట్లాడుకుంటున్నాయి. మధ్యలో నేనెవర్ని?

తర్వాత నేను జంతుశాస్త్రం చదివాను, కాలేజీలో పిల్లలకు పాఠం చెప్పాను. కానీ ఆ రోజు మామ చెప్పినదే నా మొదటి పాఠం. తల ఆడించడం, ముందుకాళ్ల మీద లేచి దండీలు తీయడం, ఇవన్నీ మగ తొండ తన సరిహద్దు చాటుకోవడం. ఈ గుండు నాది, దరిదాపుల్లోకి రావద్దు అని చెప్పడం.

ఒక పొద్దుటిపూట సంగతి చెబుతాను. మీరూ నాతోపాటు ఆ బండ మీద కూర్చున్నారనుకోండి.

ఎండ ఇంకా చురుక్కుమనలేదు. పెద్ద గుండు పైపొర ఒకచోట ఉల్లిపొరలా లేచి ఉంది. దాని కింద అరచెయ్యి దూరేంత సందు. ఆ సందులోంచి ముందు ఒక ముక్కు బయటికి వచ్చింది. ఆగింది. తర్వాత తల. మళ్లీ ఆగింది. తల వెడల్పుగా, పైనుంచి అదిమినట్టు ఉంటుంది. ఒళ్లూ అంతే, అప్పచ్చిలా చదును. ఎందుకలా? ఆ సందులోకి దూరాలి కదా. తోట తొండలా నిక్కిన ఒళ్లయితే పట్టదు. సరే, మొత్తం బయటికి వచ్చింది. అప్పుడు ఎరుపూ లేదు, నలుపూ లేదు. మట్టిరంగులో చప్పగా ఉంది. బండకు పొట్ట ఆనించి, ఎండకు వీపు పెట్టి పడుకుంది. దాని ఒంట్లో మనలా వేడి పుట్టదు. ఎండ దగ్గరా బండ దగ్గరా అరువు తెచ్చుకోవాలి. మన పెద్దవాళ్లు చలికాలం అరుగు మీద ఎండ కాగినట్టే.

కాసేపటికి ఒళ్లు వెచ్చబడింది. లేచి గుండు కొసకు వెళ్లింది. ఒక చీమ పోతుంటే నాలుకతో చప్పున అందుకుంది. ఇంకో చీమ. తర్వాత ఇంకోటి. దీని తిండిలో ఎక్కువ భాగం చీమలే. పురుగులు, మిడతలు దొరికితే పండగ. అది వేటాడదు. కూర్చుంటుంది, చూస్తుంది, దగ్గరికి వచ్చినదాన్ని తింటుంది. కూర్చున్న చోటనుంచి కదలకుండా భోంచేయడమంటే మనకు అసూయ కలగాలి గానీ, నెత్తిన డేగ తిరుగుతూ ఉంటే ఆ భోజనం ఎలా ఉంటుందో ఆలోచించండి.

సరిగ్గా అప్పుడే పక్క గుండు మీదికి ఇంకో మగది వచ్చింది. ఇక్కడ చూడాలి విచిత్రం. మనవాడి వీపు పసుపుగా మారింది. పక్కలు నారింజ రంగుకు తిరిగాయి. అంతా కొద్దిసేపట్లో, మన కళ్ల ముందే. తల ఆడింది, దండీలు తీసింది, ఒళ్లు ఉబ్బించింది. వచ్చినవాడు కాసేపు చూసి వెనక్కి తిరిగాడు.

ఆ తర్వాత కింద బండల దగ్గర ఒక ఆడ తొండ కనపడింది. ఇప్పుడు మళ్లీ మారాడు. వీపు ఎర్రబడింది. పక్కలు నల్లబడ్డాయి. మొదట నేను చెప్పిన కుంకుమా కాటుకా వేషం ఇదే.

రేడియోలో వెనక్కి తిప్పి వినడానికి లేదు కాబట్టి ఇంకోసారి చెబుతాను. ఎదురుగా మగది ఉంటే వీపు పసుపు, పక్కలు నారింజ. ఎదురుగా ఆడది ఉంటే వీపు ఎరుపు, పక్కలు నలుపు. తొండ ఒకటే, రంగులు రెండు జతలు. ఎవరితో మాట్లాడాలో వాళ్లకు తగ్గ రంగు.

దీన్ని బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో మరియా ఠాకర్ అనే ప్రొఫెసరూ ఆమె విద్యార్థులూ ఏళ్ల తరబడి పరిశీలించారు. వాళ్లు ఇంకో సంగతి కూడా పట్టుకున్నారు. పోటీదారు ఎదురైతే రంగు మారడంలో వేగం ఎక్కువ. ఆడదాని ముందు వేగం కాదు, రెండు రంగుల మధ్య తేడా కొట్టొచ్చినట్టు ఉండటం ముఖ్యం. సబబే కదా. తగాదాలో ముందు నోరు చేసుకున్నవాడిది పైచేయి. పెళ్లిచూపులకు మాత్రం నిదానంగా, ఇస్త్రీ బట్టలు కట్టుకుని వెళ్లాలి.

ఇప్పుడు సామెత దగ్గరికి వద్దాం. రంగులు మార్చడమంటే మన భాషలో మోసం. లోపల ఒకటి, బయట ఒకటి. కానీ రాతి తొండ చేసేది దానికి తలకిందులు. దాక్కోవాలంటే మట్టిరంగు చాలు, అది దానికి పుట్టుకతోనే ఉంది. రంగు మార్చినప్పుడల్లా అది దాపరికం వదిలి బయటపడుతోంది. నాకు కోపం వచ్చిందని పోటీదారుకు చెబుతోంది. నువ్వంటే ఇష్టమని ఆడదానికి చెబుతోంది. పైగా ఆ ఎరుపు ఆడదానికే కాదు, ఆకాశంలో తిరిగే డేగకూ కనపడుతుంది. ప్రాణం మీదికి తెచ్చుకుని మరీ మనసులో మాట బయటపెట్టే ప్రాణి అది. దాన్ని తీసుకుపోయి పార్టీ ఫిరాయించినవాడితో పోలుస్తున్నాం. పరువు నష్టం దావా వేయగలిగితే వేసేది.

అలాగని సామెత పుట్టించినవాళ్లను నేను తక్కువ చేయను. వాళ్లు కళ్లున్నవాళ్లు. ఒక మాట సరిగ్గానే చూశారు. రాతి తొండ పిల్లప్పుడు ఆడదేదో మగదేదో పోల్చుకోవడం కష్టం. రెండూ మట్టిరంగే, రెండింటికీ చుక్కలే. మగది ఎదిగి వయసుకు వచ్చాకే ఈ రంగులన్నీ. ఆ రంగులు కూడా ఎండాకాలం నుంచి వానాకాలం దాకా, జతకట్టే కాలంలోనే బాగా విచ్చుకుంటాయి. అంటే తొండ ముదిరితేనే రంగులొస్తాయన్న మాట అక్షరాలా నిజం. ఊసరవెల్లి అవుతుందన్నదే తప్పు. తొండ ముదిరితే ముదురు తొండే అవుతుంది.

ఇంతసేపూ మగవాడి సంబరమే చెప్పాను. ఆడ తొండ సంగతి కూడా వినండి. అది మగదానికంటే చిన్నది. బూడిద కలిసిన గోధుమరంగు, మీద సన్నటి చుక్కలు, మచ్చలు. అది బండ మీద కదలకుండా కూర్చుంటే, పక్కనే నిలబడి వేలు పెట్టి చూపించినా మీకు కనపడదు. మా కాలేజీ పిల్లల్ని గుట్టకు తీసుకుపోయినప్పుడు మగవాటిని పది చూపిస్తే ఆడదాన్ని ఒక్కదాన్ని కూడా పట్టుకోలేకపోయేవాళ్లు. చివరికి ఒక అమ్మాయి, 'సార్, మీరు ఆ రాతి మీద చెయ్యి పెట్టబోతున్నారు, అక్కడే ఉంది' అంది. నా చేతికి బెత్తెడు దూరంలో ఉంది. నేనూ చూడలేదు! గుడ్లు పెట్టే భారం దానిది కాబట్టి దానికి సింగారం కంటే కనపడకుండా ఉండటమే అవసరం. బండల మధ్య మెత్తటి మట్టి చూసుకుని గుంట తవ్వి, గుడ్లు పెట్టి, మట్టి కప్పి వెళ్లిపోతుంది. కాపలా ఉండదు. పిల్లలు వాటంతట అవే మట్టి తోసుకుని బయటికి వస్తాయి, అప్పటినుంచి ఎవరి చీమ వారిదే.

పాము, ముంగిస, డేగ, జెముడుకాకి. రాతి తొండను తినడానికి చాలామందే ఉన్నారు. బల్లిలా తోక తెంపి పారేసి తప్పించుకునే విద్య దీనికి లేదు. మరి ఎలా బతుకుతుంది? కళ్లతో బతుకుతుంది. నిన్ను చూసి, నీ మనసులో ఏముందో లెక్కకట్టి బతుకుతుంది.

ఇది అతిశయోక్తి అనుకోకండి. మా మదనపల్లె దగ్గర రిషీవ్యాలీ ఉంది. ఆ లోయలోని బండల మీద ఈ తొండ మీద చాలా పరిశోధన జరిగింది. రాతి తొండ ఎప్పుడు పారిపోతుందో చూసిన ఒక పరిశోధన ఫలితం 2013లో అచ్చయింది. మనిషి తొండ వైపు నడుస్తాడు. ఒకసారి సూటిగా దాని మీదికే పోతాడు, ఒకసారి పక్కగా దాటిపోతాడు. ఒకసారి దాన్నే చూస్తూ నడుస్తాడు, ఒకసారి చూపు పక్కకు తిప్పుకుంటాడు. ప్రతిసారీ ఎంత దూరంలో ఉండగా తొండ పరుగు తీసిందో కొలుస్తారు. తేలింది ఏమిటంటే, నడిచే దారీ, చూసే చూపూ, రెండూ తొండ లెక్కలో ఉన్నాయి. ఎంత దూరంలో పరుగు తీయాలన్నది ఆ రెండింటినీ బట్టి మారుతుంది. ఇంకోలా చెబుతాను. మీరు ఎటు నడుస్తున్నారో ఒక్కటే కాదు, మీ కళ్లు ఎటున్నాయో కూడా అది చూస్తోంది.

ఆ పరిశోధన గురించి చదివినప్పుడు నాకు జీవాలు కాసే మామే గుర్తొచ్చాడు. ఆయన తొండ పక్కనుంచే పోయేవాడు, అది కదిలేది కాదు. మేము ఇరవై అడుగుల్లో ఉండగానే పరుగో పరుగు. 'మీరు కండ్లతోనే రాయేస్తాండారు గదరా' అనేవాడు.

ఊళ్లు పెరిగి గుట్టల్ని మింగుతుంటే ఈ తొండ ఏం చేస్తోంది? కొంతవరకూ సర్దుకుంటోంది. బెంగళూరు చుట్టుపక్కల పరిశోధకులు ఈ సంగతినీ పరిశీలించారు. ఇళ్ల మధ్య పెరిగిన తొండలు మనుషుల్ని దగ్గరిదాకా రానిస్తున్నాయి. మనుషులు ఊరికే అటూ ఇటూ తిరుగుతూ ఉంటారు, ప్రతివాడికీ పరిగెత్తుతూ కూర్చుంటే చీమలు తినేదెప్పుడు? దాగే చోట్లు రెండు పెట్టి, అందులో ఒకటే క్షేమం అని నేర్పితే, ఊరి అంచున పెరిగినవే పల్లె గుట్టల వాటికంటే త్వరగా నేర్చుకున్నాయి. రాత్రి నిద్రకు కూడా సిమెంటు దిమ్మెల్లో, గోడల్లో గరుకుగా, బండలాగా ఉన్న చోట్లే వెతుక్కుంటున్నాయి. వీధి దీపం వెలుతురు తక్కువ పడే మూల చూసుకుంటున్నాయి.

అలాగని పూర్తిగా సర్దుకుందని సంతోషపడటానికి లేదు. మొదట ఒక మాట గుర్తుపెట్టుకోమన్నాను. రాయి, రాతిలో పగులు. హైదరాబాదు చుట్టూ ఉన్న గుండ్ల వయసు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. మా రాయలసీమ గుట్టల్లోనూ అంత పాతవి ఉన్నాయి. ఎండకు కాగి, రాత్రికి చల్లారి, వానకు తడిసి, ఎన్నో యుగాలకు ఒక పొర లేస్తుంది. ఆ పొర కింద అరచెయ్యి పట్టేంత సందు ఏర్పడుతుంది. ఆ సందులోనే నా కథలోని తొండ ఇల్లు. మధ్యాహ్నం బండ మీద కాలు పెట్టలేనప్పుడు దానికి నీడ అక్కడే. డేగ దిగితే దాపు అక్కడే. గుట్టకు మందు పెట్టి పేల్చి కంకర చేశామనుకోండి, చెట్టయితే మళ్లీ నాటొచ్చు. పగులును నాటలేం.

హైదరాబాదులో కొందరు రాళ్ల కోసమే ఒక సంఘం పెట్టుకుని ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నారు. విన్నవాళ్లు కొందరు గుండును అలాగే ఉంచి దాని చుట్టూ ఇల్లు కట్టుకున్నారు. అలాంటి ఇంటి ప్రహరీ మీద ఒకసారి రాతి తొండను చూశాను. యజమాని కంటే దర్జాగా కూర్చుని ఉంది.

ఒకటి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాలి. రాతి తొండ అంతరించిపోయే జాతి కాదు. ప్రపంచంలో ప్రాణుల లెక్క రాసేవాళ్ల పుస్తకంలో అది ప్రస్తుతానికి భయం లేని వరసలోనే ఉంది. అందుకే దాన్ని కాపాడండని మిమ్మల్ని బతిమాలడానికి రాలేదు. చూడండని అడగడానికి వచ్చాను. మన వాకిలి ముందే ఉన్నదాన్ని చూడటానికి టికెట్టు లేదు, బైనాక్యులర్ అక్కర్లేదు.

ఒక ఆదివారం తీరిక చూసుకుని, పొద్దున ఎనిమిదీ తొమ్మిదీ మధ్య మీ ఊరి గుట్ట దగ్గరికి పిల్లల్ని తీసుకుని వెళ్లండి. తొండ కనపడితే సూటిగా దాని మీదికి పోకండి, పక్కగా నడవండి. దాని కళ్లలోకి చూడకండి, ఓరగా చూడండి. ఒక బండ మీద కదలకుండా కూర్చోండి. వీపు పసుపుగా మారితే దగ్గరలో ఇంకో మగది ఉందని అర్థం, వెతకండి. ఎర్రబడితే ఆడది ఉంది, అది మీకు కనపడదు, అయినా వెతకండి. పిల్లల చేతిలో రాయి ఉంటే మాత్రం ముందే కింద పెట్టించండి.